రిపోర్టులో కనబడని వైరస్ ఎక్కడుంటుంది?

టెక్కలి వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఆయనకు హెచ్ఐవీ ఉంది. దాన్ని అణచిపెట్టే ఏఆర్‌టీ మాత్ర ఎనిమిదేళ్లుగా మానకుండా వేసుకుంటున్నారు. ఐదేళ్లుగా ప్రతి వైరల్ లోడ్ రిపోర్టులోనూ ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’, అంటే వైరస్ కనబడలేదు, అనే వస్తోంది. సీడీ4 కౌంట్, అంటే హెచ్ఐవీ పట్టే రక్షణ కణాల లెక్క, 780. భార్యకు నెగెటివ్. ఆయన అడిగేవి మూడు. ఇంత బాగున్నప్పుడు మిగిలిన వైరస్‌ను నా ఇమ్యూనిటీయే చంపెయ్యలేదా? ఒక మూడు నెలలు మాత్ర ఆపి చూస్తే తప్పేంటి? దాక్కున్న వైరస్‌ను పట్టుకునే టెస్టు ఉందా?

తమ్ముడూ, రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. ఆపొద్దు. మూడు నెలలే కాదు, మూడు వారాలు కూడా వద్దు. ఎందుకు వద్దంటున్నానో మాత్రం మీకు పూర్తిగా తెలియాలి. కారణం తెలియకుండా భయంతో వేసుకునే మాత్రను ఏదో ఒక రోజు ఎవరి మాటో విని ఆపేస్తారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పద్దెనిమిదేళ్లుగా ఈ వైద్యం చేస్తున్నాను. అలా ఆపేసి తిరిగి వచ్చినవాళ్లను చాలామందినే చూశాను. అందుకే జవాబు కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మొదట ఆ రిపోర్టు సంగతి. వైరల్ లోడ్ టెస్టు చూసేది మీ రక్తంలోని ప్లాస్మాను, అంటే కణాలన్నీ తీసేశాక మిగిలే పసుపు ద్రవాన్ని. అందులో బయట తిరుగుతున్న వైరస్ ఎంత ఉందో లెక్కపెడుతుంది. కణం లోపల ఏముందో అది చూడదు. కాబట్టి మీ రిపోర్టు అబద్ధం చెప్పడం లేదు. బయట తిరిగే వైరస్ టెస్టుకు అందనంత తక్కువకు పడిపోయింది, అంతవరకు నిజం. మా ఓపీలో పెద్దవాళ్లు అడుగుతుంటారు, "ఏటీ నేదని రాసినారు కదమ్మా, మరి మాత్ర ఎందుకిత్తన్నారు?" అని. ఆ ప్రశ్న అమాయకమైనదేమీ కాదు. ప్రపంచంలోని పెద్ద పెద్ద ల్యాబులు ముప్పై ఏళ్లుగా తల పట్టుకున్న ప్రశ్న అదే.

హెచ్ఐవీ ఒక సీడీ4 కణంలోకి దూరాక రెండు పనులు చేస్తుంది. తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చుకుంటుంది. తర్వాత ఆ డీఎన్ఏను తీసుకెళ్లి మన కణం డీఎన్ఏలోనే అతికించేస్తుంది. అతికాక అది ఆ కణం సొంత జన్యువుల్లో ఒక ముక్క అయిపోతుంది. మీరు వేసుకునే టీఎల్‌డీ మాత్రలో మూడు మందులున్నాయి. టెనోఫోవిర్, లామివుడిన్ ఆ మొదటి పనిని ఆపుతాయి. డోలుటెగ్రావిర్ రెండో పనిని, అంటే అతికించడాన్ని ఆపుతుంది. జాగ్రత్తగా గమనించండి, ఈ మూడూ కాపలా కాసేది ఇంకా వైరస్ పట్టని కణాన్ని. అప్పటికే అతుక్కుపోయిన వైరస్ జోలికి వీటిలో ఏదీ వెళ్లదు, వెళ్లలేదు. పట్టిన కణాల్లో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి, కొత్త కణాలకు పట్టకుండా మాత్ర చూసుకుంటుంది, అందుకే వైరల్ లోడ్ అంత వేగంగా పడిపోతుంది.

చావకుండా మిగిలిన కొన్ని కణాలతోనే మన కష్టమంతా.

మన రక్షణ వ్యవస్థకు ఒక అలవాటుంది. జబ్బుతో పోరాడిన సీడీ4 కణాల్లో కొన్నింటిని చంపకుండా దాచుకుంటుంది. వాటిని జ్ఞాపక కణాలు అంటాం. చిన్నప్పుడు వచ్చిన తట్టు, బడిలో వేయించుకున్న ధనుర్వాతం ఇంజెక్షన్, ఇవన్నీ శరీరానికి దశాబ్దాల తర్వాత కూడా గుర్తుండేది ఈ కణాల వల్లే. అవి ఏ పనీ చేయకుండా నిద్రపోతూ ఉంటాయి. పాత శత్రువు మళ్లీ వస్తే లేచి, రెండవుతాయి, నాలుగవుతాయి. పోరాటంలో ఉన్న సీడీ4 కణానికి హెచ్ఐవీ పట్టి, అది చావకముందే నిద్రలోకి జారుకుంటే, లోపల అతికిన వైరస్ కూడా దానితో పాటే నిద్రపోతుంది. ఏళ్ల తరబడి బతకడానికే తయారైన కణం అది. మనల్ని కాపాడడానికి శరీరం పెట్టుకున్న ఏర్పాటే వైరస్‌కు ఇల్లయింది. ఈ వైద్యంలో నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇదే.

ఇంగ్లిష్‌లో దీన్ని రిజర్వాయర్ అంటారు. మన మడ్డువలస రిజర్వాయర్ లాగా ఒకచోట నిండి ఉంటుందనుకోకండి. రక్తం, గజ్జల్లో మెడలో ఉండే లింఫ్ గ్రంథులు, పేగుల గోడ, ప్లీహం, ఇలా ఒళ్లంతా చెదిరి ఉంటుంది. నిద్రపోయే సీడీ4 కణాలను ల్యాబులో లేపి చూస్తే, తిరిగి పుట్టగల వైరస్ ఉన్నది సుమారు పది లక్షల కణాల్లో ఒకదానిలో. అంత తక్కువ. కానీ 1997లోనే, మందులతో వైరల్ లోడ్ పూర్తిగా అణిగినవాళ్లలో కూడా ఈ కణాలు ఉన్నాయని మూడు వేర్వేరు పరిశోధక బృందాలు చూపించాయి. తర్వాత ఏళ్ల తరబడి కొలిస్తే, ఈ నిల్వ సగానికి తగ్గడానికి సుమారు 44 నెలలు పడుతోందని తేలింది. ఆ లెక్కన పూర్తిగా పోవాలంటే 70 ఏళ్లకు పైనే. మీ ఎనిమిదేళ్లు తక్కువ కాలమేమీ కాదు, కానీ ఈ లెక్క ముందు చాలవు.

మీకు పొలం ఉందని రాశారు కాబట్టి తుంగ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పైన ఆకు కోసేస్తారు, మందు కొడతారు, మడి శుభ్రంగా కనిపిస్తుంది. మట్టిలో గడ్డ ఉంటుంది. తడి తగిలితే మళ్లీ మొలక. ఒక గడ్డ నుంచి వేరు పాకి ఇంకో గడ్డ, దాని నుంచి మరొకటి, గొలుసులాగా. వైరస్ దాగిన కణాలూ అంతే చేస్తాయని 2014లో తెలిసింది. వైరస్ కొత్త కణానికి పట్టడాన్ని మాత్ర ఆపుతుంది, బాగానే ఉంది. కానీ వైరస్ ఉన్న కణమే తన పని మీద తాను లేచి రెండుగా చీలితే, లోపలి వైరస్ డీఎన్ఏ కూడా రెండు కాపీలవుతుంది. అక్కడ మాత్రకు అడ్డుపడే అవకాశమే లేదు. చావడం ఒకవైపు, చీలడం ఒకవైపు. అందుకే నిల్వ మొదటి కొన్నేళ్లు తగ్గి, ఆ తర్వాత దాదాపు అక్కడే నిలబడిపోతుంది. ఇరవై ఏళ్లకు పైగా మందులు వాడినవాళ్లను చూసిన ఒక పరిశోధనలో, కొందరిలో చివరికి కొంచెం పెరుగుతున్నట్టు కూడా కనబడింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఇమ్యూనిటీ ఎందుకు చంపలేకపోతోంది?

వైరస్ పట్టిన కణాలను చంపే పని సీడీ8 కణాలది. వాటికి కణం లోపలికి చూసే శక్తి లేదు. ప్రతి కణమూ లోపల తయారవుతున్న ప్రొటీన్ల ముక్కలను తన ఉపరితలం మీద పెట్టి చూపిస్తూ ఉంటుంది. సీడీ8 కణం వచ్చి ఆ ముక్కలను తడిమి చూస్తుంది. అందులో వైరస్ ముక్క కనిపిస్తే ఆ కణాన్ని చంపేస్తుంది. నిద్రపోయే కణంలో వైరస్ ఏ ప్రొటీనూ తయారు చేయదు. చూపించడానికి ముక్క లేదు. సీడీ8 కణం దాన్ని తడిమి, "ఇది మనదే" అని ముందుకు వెళ్లిపోతుంది. మీ సీడీ4 780 ఉన్నా 1,200 ఉన్నా ఈ విషయంలో తేడా రాదు. బలం ఎంతున్నా కనబడనిదాన్ని కొట్టలేరు కదా.

సరే, కణం ఎప్పుడో ఒకప్పుడు లేస్తుంది, అప్పుడు వైరస్ ముక్కలు బయటపడతాయి, అప్పుడైనా చంపొచ్చు కదా అంటారు. మంచి ప్రశ్న. అక్కడ మూడు అడ్డంకులున్నాయి. మందులు మొదలుపెట్టకముందు, సోకిన తొలి నెలల్లోనే, సీడీ8 కణాలు గట్టిగా పోరాడతాయి. ఆ ఒత్తిడికి వైరస్ తన రూపం మార్చుకుంటుంది. ఆ కణాలు గుర్తుపట్టే ముక్కనే మార్చేస్తుంది. 2015లో ఒక పరిశోధన చూపించిందేమిటంటే, ఆలస్యంగా మందులు మొదలుపెట్టినవాళ్లలో దాగిన వైరస్ దాదాపు అంతా ఇలా రూపం మార్చుకున్నదే. అంటే లేచినా పాత సీడీ8 కణాల్లో ఎక్కువ భాగం దాన్ని పోల్చుకోలేవు. రెండోది, ఏళ్ల తరబడి పోరాడిన సీడీ8 కణాలు అలిసిపోతాయి. వాటి మీద పీడీ-1 అనే ఒక బ్రేకు లాంటిది పైకి వస్తుంది, చంపే శక్తి తగ్గుతుంది. వైరస్ అణిగాక కొంత తేరుకుంటాయి గానీ పూర్తిగా మునుపటిలా కావు. మూడోది చోటు. లింఫ్ గ్రంథుల్లో బీ కణాల (యాంటీబాడీలు తయారు చేసేవి) గూళ్లుంటాయి, అందులో ఉండే ఒక రకం సీడీ4 కణాల్లో వైరస్ బాగా దాగుతుంది. ఆ గూళ్లలోకి సీడీ8 కణాలు పెద్దగా వెళ్లవు. అది వాటి దారి కాదు.

ఇదంతా చదివి మీ శరీరం చేతులెత్తేసిందని అనుకోవద్దు. అది పని చేస్తూనే ఉంది. అతుక్కున్న వైరస్ డీఎన్ఏలో 90 శాతానికి పైగా విరిగిపోయినవీ, తప్పులున్నవీ, మళ్లీ వైరస్‌ను పుట్టించలేనివీ. పూర్తిగా ఉన్నవి, ముఖ్యంగా మొదటి కొన్నేళ్లు, విరిగినవాటికంటే వేగంగా తగ్గుతున్నాయి. అంటే లేచిన వాటిని ఎవరో ఏరిపారేస్తున్నారు. ఏళ్లు గడిచేకొద్దీ మిగిలేవి మన డీఎన్ఏలో జన్యువులు పెద్దగా పని చేయని మారుమూలల్లో అతుక్కున్నవి ఎక్కువ. మందుల్లేకుండానే వైరస్‌ను అణచిపెట్టే మనుషులు నూటికి ఒక్కరికంటే తక్కువమంది ఉంటారు. వాళ్లలోనూ వైరస్ ఇలాంటి మారుమూలల్లోనే కనిపించింది. నేను ఆశ పెట్టుకున్నది ఈ దారి మీదే. రక్షణ వ్యవస్థ ఏరివేతకు సాయం చేసే మందు ఏదో ఒక రోజు వస్తే, దాని వల్ల మొదట లాభపడేది మీలాగా మాత్ర మానకుండా వేసుకున్నవాళ్లే.

విరిగిన వైరస్ డీఎన్ఏ పూర్తిగా నిరపాయమైనది కూడా కాదు. అది కొత్త వైరస్‌ను పుట్టించలేకపోయినా, అప్పుడప్పుడు ఒకటి రెండు ప్రొటీన్లు మాత్రం తయారు చేస్తుంది. దానికి రక్షణ వ్యవస్థ స్పందిస్తూనే ఉంటుంది. దీనికి తోడు, సోకిన తొలి వారాల్లోనే పేగుల గోడలోని సీడీ4 కణాలు చాలా నష్టపోతాయి, ఆ గోడ పూర్తిగా మరమ్మతు కాదు, పేగుల్లోని బ్యాక్టీరియా ముక్కలు కొంచెం కొంచెంగా రక్తంలోకి వస్తుంటాయి. ఫలితంగా ఒంట్లో సన్నని మంటలాంటి వాపు ఏళ్ల తరబడి ఉంటుంది. పైకి జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, కానీ రక్తనాళాలు దెబ్బతింటాయి. అందుకే వైరల్ లోడ్ బాగున్నా గుండెజబ్బు ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువ. మన దేశం సహా 12 దేశాల్లో 7,769 మంది మీద చేసిన రిప్రీవ్ అనే అధ్యయనంలో, కొలెస్ట్రాల్ తగ్గించే పిటావాస్టాటిన్ మాత్ర గుండెపోటు, పక్షవాతం లాంటివాటిని 35 శాతం తగ్గించిందని 2023లో తేలింది. వాళ్లంతా 40 ఏళ్లు దాటినవాళ్లు. మీకు నలభై వస్తే మీ డాక్టరుతో ఈ మాట మాట్లాడండి. చుట్ట, బీడీ ఉంటే మాత్రం నలభై దాకా ఆగక్కర్లేదు, ఈ రోజే మానండి.

ఆపి చూడడం గురించి. ఇది ఎవరూ చేయని ప్రయోగమేమీ కాదు. స్మార్ట్ అనే అధ్యయనంలో 33 దేశాల నుంచి 5,472 మందిని తీసుకున్నారు, అందరికీ సీడీ4 350 పైనే. సగం మంది మందులు కొనసాగించారు, సగం మంది సీడీ4 250కి పడేదాకా ఆపి ఉంచారు. ఆపినవాళ్లలో అవకాశవాద జబ్బులు (రక్షణ తగ్గినప్పుడు పట్టేవి), మరణాలు కలిపి రెండున్నర రెట్లు అయ్యాయి. గుండె, కిడ్నీ, లివర్ జబ్బులు కూడా వాళ్లలోనే ఎక్కువ. 2006లో ఆ పద్ధతినే ఆపేయాల్సి వచ్చింది. మాత్ర ఆపితే వైరస్ తిరిగి కనబడడానికి చాలామందికి రెండు నుంచి నాలుగు వారాలే పడుతుంది. ఆ సమయంలో మీకేమీ తెలియదు. ఒళ్లు హాయిగానే ఉంటుంది. ఈలోగా మీ భార్యకు సోకే ప్రమాదం మాత్రం తిరిగి వచ్చేస్తుంది. ఐరోపాలో 14 దేశాల్లో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనంలో, మందులతో వైరల్ లోడ్ అణిగి ఉన్నవారు కండోమ్ లేకుండా సుమారు 58,000 సార్లు కలిసినా, వాళ్ల నుంచి భాగస్వామికి ఒక్కరికి కూడా సోకలేదు. మీ ఇంట్లో ఆ రక్షణ ఇస్తున్నది ఈ మాత్రే.

నా దగ్గరికి వచ్చే ఒకాయన, ఊరు చెప్పను, ఐదేళ్లు చక్కగా వాడి, "వేరుతో సహా తీసేస్తాం" అన్న ఒక పసరు వైద్యుడి మాట విని ఆపేశారు. ఐదో నెలలో దగ్గు, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం. టీబీ. సీడీ4 నూటయాభై లోపలికి పడిపోయింది. టీబీ మందు రిఫాంపిసిన్ ఉంటే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి, అదీ చేశాం. ఇప్పుడు కోలుకున్నారు. కానీ ఆ ఏడాది ఆయన పొలం కౌలుకిచ్చేశారు, కూతురి చదువు ఆగింది. ఆయన్ని నేను ఒక్క మాట అనలేదు. "రిపోర్టులో నేదు కదమ్మా, అందుకే" అన్నారు. అది మేము సరిగ్గా వివరించకపోవడం వల్ల వచ్చిన తప్పు అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మీకు ఇంత పొడుగు జవాబు రాయడానికి ఒక కారణం అదే.

ఇక పేపర్లో వచ్చే ‘హెచ్ఐవీ నయమైంది’ వార్తలు. అవి నిజమే. బెర్లిన్‌లో చికిత్స పొందిన టిమోతీ రే బ్రౌన్‌కు బ్లడ్ క్యాన్సర్ కోసం 2007లో, మళ్లీ 2008లో మూలకణాల మార్పిడి చేశారు. కణంలోకి హెచ్ఐవీ దూరే తలుపుల్లో ఒకటైన సీసీఆర్5 పుట్టుకతోనే లేని దాత దొరికారు. 2020లో ఆయన చనిపోయింది తిరగబెట్టిన క్యాన్సర్‌తో, హెచ్ఐవీ తిరిగి రాలేదు. తర్వాత లండన్, డ్యుసెల్డార్ఫ్‌లలో కూడా అలాంటివారున్నారు. కానీ అవన్నీ ప్రాణాంతక క్యాన్సర్ ఉన్నవారికి, వేరే దారి లేక చేసిన చికిత్సలు. ఆ మార్పిడిలోనే ప్రాణం పోయే ముప్పు ఉంటుంది. రోజుకు ఒక మాత్రతో బాగున్న మనిషికి దాన్ని ఏ డాక్టరూ చేయరు. ఫ్రాన్స్‌లో తొలి వారాల్లోనే మందులు మొదలుపెట్టి, కొన్నేళ్ల తర్వాత ఆపినా వైరస్ పెరగని 14 మంది గురించి 2013లో రాశారు. వాళ్లూ చాలా అరుదు.

మీ మూడో ప్రశ్నకు ఇక్కడే జవాబుంది. దాగిన వైరస్‌ను కొలిచే టెస్టులు ఉన్నాయి, పరిశోధన ల్యాబుల్లో. కానీ ‘లేదు’ అని గ్యారంటీగా చెప్పగల టెస్టు ఎక్కడా లేదు. అమెరికాలో బోస్టన్‌లో ఇద్దరికి మామూలు దాతల నుంచి మూలకణాల మార్పిడి జరిగింది. ఎన్ని రకాలుగా వెతికినా వైరస్ దొరకలేదు. మందులు ఆపారు. ఒకరికి సుమారు మూడు నెలలకు, ఇంకొకరికి సుమారు ఎనిమిది నెలలకు తిరిగి వచ్చింది. మిసిసిపీలో పుట్టిన ముప్పై గంటలకే మందులు మొదలుపెట్టిన పాపకు, తర్వాత మందులు ఆగిపోయినా 27 నెలల పాటు వైరస్ కనబడలేదు. 2014లో కనబడింది. ఆ వార్త చదివిన రోజు నాకు బాగా గుర్తుంది, పాప వయసు మా పేషెంట్ల పిల్లల వయసే.

ఇంకొక మాట. కొందరు ప్రైవేటు ల్యాబుకు వెళ్లి మామూలు హెచ్ఐవీ టెస్టు మళ్లీ మళ్లీ చేయించుకుని, పాజిటివ్ అనే వస్తోందని టెన్షన్ పడతారు. ఆ టెస్టు చూసేది వైరస్‌ను కాదు, దాని మీద మీ శరీరం తయారు చేసిన యాంటీబాడీలను. అవి ఉంటాయి. ఆ డబ్బు దండగ.

డబ్బు, టైమ్ పెట్టాల్సిన టెస్టులు వేరే ఉన్నాయి. మీరు కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానానికి దగ్గరవాళ్లు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు చుట్టాలలో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే మీ ఏఆర్‌టీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీని దెబ్బతీస్తుంది కాబట్టి సీరమ్ క్రియాటినిన్, మూత్ర పరీక్ష క్రమంగా చేయించాలి. అవసరమైతే మందు మారుస్తారు. డోలుటెగ్రావిర్ వల్ల క్రియాటినిన్ కొంచెం పెరిగినట్టు కనబడుతుంది, అది కిడ్నీ పాడవడం కాదు. ఆ అంకె చూసి మీరే మాత్ర ఆపేయకండి, ఏది ఏదో డాక్టరు తేలుస్తారు. హెపటైటిస్ బీ టెస్టు ఎప్పుడైనా చేశారా లేదా అడగండి. మీ మాత్రలోని రెండు మందులు దాని మీద కూడా పని చేస్తాయి, అది ఉన్నవాళ్లు ఒక్కసారిగా మాత్ర ఆపితే లివర్ ఉబ్బి ప్రాణం మీదకు రావచ్చు. కాల్షియం, ఐరన్ మాత్రలు పరగడుపున దీంతో కలిపి వేసుకోవద్దు, అవి డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. ఈ మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత వేసుకోవచ్చు.

ఎప్పుడైనా వైరల్ లోడ్ ‘కనబడింది, వంద లోపు’ అని వస్తే గుండె జారిపోనక్కర్లేదు. దాగిన కణాల్లో ఒక గుంపు లేచి కొంచెం వైరస్ వదిలితే, మాత్ర సరిగ్గా వేసుకుంటున్నా అలా కనబడవచ్చు. మళ్లీ టెస్టు చేస్తారు. వెయ్యి దాటితే మాత్రం మాత్రలు ఎక్కడ తప్పాయో కూర్చుని మాట్లాడాలి.

పనికి చెన్నై గానీ గుజరాత్‌లోని వెరావల్ గానీ వెళ్లాల్సి వస్తే ముందే మీ సెంటర్‌లో చెప్పండి. ఒకేసారి కొన్ని నెలల మందు ఇస్తారు, లేదా అక్కడి సెంటర్‌కు రాసిస్తారు. సందేహం వస్తే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు. వచ్చేసారి వెళ్లినప్పుడు క్రియాటినిన్ ఎంత వచ్చిందో, హెపటైటిస్ బీ టెస్టు ఏమైందో ఇక్కడ రాయండి తమ్ముడూ, చూసి చెబుతాను.